పైలట్ గ్రౌండ్ క్లాసులకి హాస్టల్లో వేయాలా? ముందు బాబుని అడిగారా అమ్మా?

ప్రశ్న: మా బాబు ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ 88 శాతంతో పాసయ్యాడు. రెండేళ్ళూ రెసిడెన్షియల్ కాలేజీలోనే చదివాడు. వాణ్ణి పైలట్ చేయాలని మా వారి కోరిక. ఢిల్లీ ద్వారకలో ఒక రెసిడెన్షియల్ గ్రౌండ్ స్కూల్ (విమానం ఎక్కకముందు థియరీ నేర్పేది) వాళ్ళు ఆరు నెలలకి హాస్టల్, భోజనం కలిపి 4.80 లక్షలు అన్నారు, పేపర్లన్నీ ఒక్క అటెంప్ట్‌లో అయిపోతాయన్నారు. హైదరాబాద్‌లో మా చెల్లెలి ఇంట్లో ఉండి రోజూ వెళ్ళి వచ్చేలా అయితే 2.25 లక్షలు. బాబు కొంచెం బద్ధకస్తుడు, ఫోన్ ఎక్కువ, దగ్గరుండి చదివిస్తేనే చదువుతాడు. ఈ వారంలో అడ్వాన్స్ కట్టకపోతే సీటు పోతుందంటున్నారు. రెండింట్లో ఏది మంచిది?
– ఒక తల్లి, తెనాలి

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ వారి కోరిక ఉంది, ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు చెప్పిన మాట ఉంది, బాబు బద్ధకం ఉంది, ఫోన్ కూడా ఉంది. బాబు ఏమంటున్నాడో మాత్రం ఒక్క ముక్క లేదు. వాడికి విమానం నడపాలని ఉందా, లేక నాన్న అన్నాడు కదా అని తలూపాడా? ఈ సంగతి తేలకుండా ద్వారకా, హైదరాబాదా అని నేను చెప్పినా మీకు ఉపయోగం ఉండదు.

అడ్వాన్స్ మాత్రం ఈ వారం కట్టకండి. ఇదేమీ ఐఐటీ సీటు కాదు, ఈ నెల పోతే ఏడాది పోవడానికి. గ్రౌండ్ క్లాసులకి బ్యాచ్‌లు వస్తూనే ఉంటాయి, ఇవాళ సీటు లేదన్నవాళ్ళే పదిహేను రోజులాగితే ఫోన్ చేసి డిస్కౌంట్ ఇస్తామంటారు. సీపీఎల్, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సు, దాని థియరీ పేపర్లు రాయాలంటే ఫలానా కోచింగ్‌లో చదివి ఉండాలనే రూలే లేదు, ఇంట్లో కూర్చుని చదివి పాసైనవాళ్ళున్నారు. 'డీజీసీఏ అప్రూవ్డ్ గ్రౌండ్ స్కూల్' అని బోర్డు మీద రాసుకుంటే దానికి విలువ ఇవ్వకండి. డీజీసీఏ అంటే విమానయానాన్ని నియంత్రించే కేంద్ర ప్రభుత్వ సంస్థ, అది అనుమతి ఇచ్చేది విమానం నేర్పే ఎఫ్‌టీఓలకి, అంటే ఫ్లయింగ్ స్కూళ్ళకి. విడిగా నడిచే కోచింగ్ సెంటర్లకి కాదు.

ఇక మెడికల్, అంటే పైలట్లకి ఉండే వైద్య పరీక్ష. ముందు క్లాస్ టూ, తర్వాత క్లాస్ వన్ అని రెండు దశలు. బాబుకి క్లాస్ టూ మెడికల్ అయిందా? దాని తర్వాత క్లాస్ వన్? మీరు రాయలేదు కాబట్టి అవలేదనే అనుకుంటున్నాను. నా దగ్గరికి వచ్చినవాళ్ళలో సగం మంది ఈ వరస తప్పుతారు, ముందు ఫీజు కట్టి తర్వాత మెడికల్‌కి వెళ్తారు. రెండేళ్ళ కిందట ఒక తండ్రి, మన గుంటూరు వైపు ఆయనే, కొడుకుని హాస్టల్లో చేర్చి మొత్తం ఫీజు ఒకేసారి కట్టేశారు. నాలుగో నెలలో పిల్లవాడు మెడికల్‌కి వెళ్తే రంగులు గుర్తుపట్టడంలో తేడా ఉందని తేలింది. ఎరుపు, ఆకుపచ్చ చుక్కల మధ్య అంకె కనిపించాలి కదా, ఆ పుస్తకంలో వాడికి సగం పేజీలు ఖాళీగా కనిపించాయట. పద్దెనిమిదేళ్ళు వచ్చినా ఇంట్లో ఎవరికీ తెలియదు, వాడికీ తెలియదు. ఫీజు వెనక్కి అడిగితే రసీదు వెనకాల ఉన్న షరతు చూపించారు. ఆ తండ్రి నా ఎదురుగా కూర్చుని ఆ రసీదునే తిరగేసి మరగేసి చూసుకోవడం నాకింకా గుర్తే. అందుకే చెప్తున్నాను, క్లాస్ టూ అయ్యాక బెంగళూరులో ఐఏఎం, ఢిల్లీలో ఏఎఫ్‌సీఎంఈ (రెండూ ఎయిర్‌ఫోర్స్ వైద్య కేంద్రాలు) లాంటి చోట క్లాస్ వన్‌కి తేదీ తీసుకోండి. ఈ ఖర్చు మీరు కట్టబోయే ఫీజులో చిన్న ముక్క. కళ్ళజోడు ఉంటే కంగారు పడకండి, జోడుతో చూపు సరిగా ఉంటే చాలు. 'టెంపరరీ అన్‌ఫిట్' అని రాసినా ఏడవక్కర్లేదు, చాలామందికి మొదటిసారి అలాగే వస్తుంది, చెప్పింది సరిచేసుకుని మళ్ళీ చూపించుకుంటారు.

మెడికల్‌కి తిరుగుతూనే కంప్యూటర్ నంబర్‌కి, అంటే పరీక్ష రాసేవాళ్ళకి డీజీసీఏ ఇచ్చే నంబరుకి, అప్లై చేయించండి. అది లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. దానికి టెన్త్, ఇంటర్ మార్కుల మీద బోర్డు నుంచి వెరిఫికేషన్ కావాలి, ఒక్కోసారి దానికే వారాలు పడుతుంది. సిలబస్ అంతా అయిపోయి, మాక్ టెస్టులు కూడా రాసేసి, నంబర్ రాక హాస్టల్ గదిలో ఖాళీగా కూర్చున్న పిల్లల్ని చూశాను. హాస్టల్ బిల్లు మాత్రం నెలనెలా పడుతూనే ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. రెసిడెన్షియలా, డే స్కాలరా అని అడిగారు. నాకు మాత్రం 'నేను పక్కన లేకపోతే వీడు చదువుతాడా, మా డబ్బు నీళ్ళపాలవుతుందా' అన్న భయమే వినిపించింది. ఆ భయం తప్పు కాదు, తల్లిగా మీకది ఉండాల్సిందే. కానీ దానికి మందు హాస్టల్ వార్డెన్ అనుకుంటున్నారు చూడండి, అక్కడే మీతో నాకు పేచీ. మన దగ్గర ఇంటర్‌కి ఇది అలవాటైపోయింది, పొద్దున అయిదింటికి లేపి, రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లు పెట్టి, ఫోన్ లాక్కుని, ఆదివారం ఔటింగ్ కూడా లేకుండా చదివించేస్తే మార్కులొస్తాయి. వచ్చాయి కూడా, 88 శాతం. మరి రెండేళ్ళు అలా చదివాక కూడా వాడు 'దగ్గరుండి చదివిస్తేనే చదువుతాడు' అని మీరే రాశారంటే ఆ రెండేళ్ళు వాడికేం నేర్పినట్టు? ఇంకో ఆరు నెలలు అదే పద్ధతిలో పెడితే మారిపోతాడా?

గ్రౌండ్ క్లాసులు అయ్యాక వీడు ఏ గోందియాకో, బారామతికో, ఎక్కడో ఒక ఎయిర్‌ఫీల్డ్‌కి వెళ్తాడు. అక్కడ తెల్లవారకముందే లేచి, ఆ రోజు వాతావరణం ఎలా ఉందో తనే చూసుకుని, ప్లాన్ వేసుకుని రెడీగా ఉండాలి. లేపేవాళ్ళుండరు. 200 గంటల ఫ్లయింగ్‌లో 100 గంటలు వాడే పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యతంతా తనదే అయి, ఎగరాలి, చాలాసార్లు పక్కన ఇన్‌స్ట్రక్టర్ కూడా ఉండడు. ఇంజను మామూలుగా లేదనిపిస్తే ఏం చేయాలో ఎవరినో అడిగి తెలుసుకునే టైముండదు. అలాంటి పనికి పంపే పిల్లవాడికి ఫోన్ పక్కన పెట్టడం కూడా ఇంకొకరు నేర్పాలా అమ్మా? కోపంగా అంటున్నాననుకోకండి. పద్దెనిమిదేళ్ళ కుర్రాణ్ణి ఇంకా చిన్నపిల్లాణ్ణి చేసి చూస్తున్నారు, వాడు కూడా అదే పాత్రకి అలవాటు పడిపోయాడు.

అంటే రెసిడెన్షియల్ అంతా దండగ అనను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే లోకంలో ఉంటారు, రూమ్మేట్స్‌తో రాత్రిళ్ళు డౌట్స్ మాట్లాడుకుంటారు, రకరకాల రాష్ట్రాల పిల్లలుంటారు కాబట్టి ఇంగ్లిష్, హిందీ నోటికి వస్తాయి. రేడియోలో మాట్లాడటానికి ఆ ఇంగ్లిష్ ధైర్యం అక్కరకొస్తుంది. ఇంట్లో చదువుకోవడానికి గది లేనివాళ్ళకి, చుట్టుపక్కల మంచి క్లాసే దొరకనివాళ్ళకి నేనే పంపిస్తాను. మీ బాబుకి హైదరాబాద్‌లో పిన్ని ఇల్లుంది, మీ పరిస్థితి వేరు.

ఎక్కడ చేర్చినా ముందు బాబుని రెండు రోజులు డెమో క్లాసులో కూర్చోబెట్టండి, అదీ నావిగేషన్ క్లాసులో. నేను ఒకసారి రెండు చోట్ల వెనక బెంచీలో కూర్చుని చూశాను. రెండు చోట్లా ఒకే లెక్క. 120 నాటికల్ మైళ్ళ దారి, 40 మైళ్ళు వచ్చాక చూస్తే విమానం అనుకున్న గీతకి 2 మైళ్ళు ఎడమకి జరిగి ఉంది, నేరుగా గమ్యానికి వెళ్ళాలంటే ఎంత తిప్పాలి? మొదటి చోట సారు ఫార్ములా రాసి, జవాబు నాలుగున్నర డిగ్రీలు, ఇది ప్రతిసారీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి అని తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయారు. పిల్లలు కూడా ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టుకున్నారు. రెండో చోట మేడమ్ ఒక అమ్మాయిని బోర్డు దగ్గరికి పిలిచి గీత గీయమన్నారు. 60 మైళ్ళకి 1 మైలు పక్కకి పోతే 1 డిగ్రీ తేడా అని ఆ అమ్మాయికి తెలుసు, 40కి 2 అంటే 3 డిగ్రీలు అని చెప్పి ఆగిపోయింది. 'మూడు డిగ్రీలు తిప్పితే గమ్యానికి వెళ్తావా, గీతకి సమాంతరంగా వెళ్తావా?' అని అడిగారు మేడమ్. ఆ అమ్మాయి కొంతసేపు బోర్డు వైపు చూసి, మిగిలిన 80 మైళ్ళకి ఇంకో ఒకటిన్నర కలపాలి కదా అని తనే అంది. క్లాసులో పది నిమిషాలు పోయాయి. ఆ పది నిమిషాల కోసమే ఫీజు కట్టాలి. మొదటి రకం క్లాసులో క్వశ్చన్ బ్యాంక్ బట్టీ పట్టి 70 మార్కులు దాటించేస్తారు, నేను కాదనను. కానీ పేపర్లన్నీ పాసై ఎఫ్‌టీఓకి వెళ్ళాక, ఇన్‌స్ట్రక్టర్ 2 మైళ్ళ బదులు 3 మైళ్ళు అని, ఎడమ బదులు కుడి అని అడిగితే నోరు తెరవలేకపోయిన పిల్లవాడు సెలవులకి వచ్చి నా దగ్గర కూర్చుని బాధపడ్డాడు.

'అన్ని పేపర్లూ ఒకే అటెంప్ట్' అన్నవాళ్ళని పోయిన బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమంది అన్నీ క్లియర్ చేశారు అని అడగండి. గోడ మీద టాపర్ల ఫొటోలు చూపిస్తే అది జవాబు కాదు. పాత స్టూడెంట్లు ఇద్దరి నంబర్లు మీరే సంపాదించి మాట్లాడండి, వాళ్ళిచ్చిన నంబర్లకి కాదు. ఫీజు నెలనెలా కానీ పేపర్ల వారీగా కానీ కడతామనండి, ఒప్పుకోకపోతే ఎందుకో ఆలోచించండి.

ఇంకొకటి, మీరు అడగలేదు కానీ దీని గురించే నాకు ఎక్కువ బెంగ. మీ ఉత్తరంలో లెక్క గ్రౌండ్ స్కూల్ దగ్గరే ఆగిపోయింది. అది గుమ్మం మాత్రమే. ఆ తర్వాత ఫ్లయింగ్‌కి ఇండియాలో యాభై లక్షలకి అటూ ఇటూ, లైసెన్సు చేతికొచ్చాక ఎయిర్‌బస్‌కో బోయింగ్‌కో టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడపడానికి ప్రత్యేక శిక్షణ) అని ఇంకో పదిహేను, ఇరవై లక్షలు. 2023లో ఎయిర్ ఇండియా 470 విమానాలకి, ఇండిగో 500 విమానాలకి ఆర్డరిచ్చాయని ప్రతి సెమినార్‌లో చెప్తారు, నిజమే. ఆర్డరిచ్చిన విమానాలు ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా వస్తాయని మాత్రం చెప్పరు. అదే 2023లో డీజీసీఏ 1,622 సీపీఎల్‌లు ఇచ్చింది. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది, 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయింది, అప్పుడు వేల గంటలు ఎగిరిన సీనియర్లే ఉద్యోగాల కోసం లైన్లో నిలబడ్డారు, 200 గంటల కొత్త పిల్లల్ని అడిగేదెవరు? లైసెన్సు పట్టుకుని రెండేళ్ళు, మూడేళ్ళు ఖాళీగా ఉన్నవాళ్ళు నాకు తెలుసు. ఈ వృత్తి మంచిది కాదని అనడం లేదు, ఇష్టంతో వెళ్ళి ఇవాళ ఫస్ట్ ఆఫీసర్లుగా ఉన్న పిల్లలు ఫోన్ చేస్తే నాకెంత సంతోషమో చెప్పలేను. కానీ ఆ ఖాళీ రెండేళ్ళు అప్పు మీద వడ్డీ ఎవరు కడతారో మీరూ మీ వారూ ఇప్పుడే కూర్చుని కాగితం మీద వేసుకోండి. పొలం అమ్మే ఆలోచన ఏమైనా ఉంటే గ్రౌండ్ క్లాసుల దశలోనే బేరం పెట్టకండి.

అందుకే రెండున్నర లక్షలు మిగలడం మీకు చిన్న విషయం కాదంటాను. పైగా చాలా ఎఫ్‌టీఓల కోర్సులోనే గ్రౌండ్ క్లాసులు కలిసి ఉంటాయి. ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వానికి చెందిన ఇగ్రువా అనే ఫ్లయింగ్ స్కూలు ఉంది, ప్రవేశ పరీక్ష రాసి వెళ్ళాలి, అక్కడా అంతే, ఎయిర్‌లైన్లే పిల్లల్ని ఎంచుకుని శిక్షణ ఇప్పించే క్యాడెట్ ప్రోగ్రాముల్లోనూ అంతే. అలాంటి దాంట్లో సీటొస్తే ఇప్పుడు కట్టింది రెండోసారి కట్టినట్టే. మీరు గ్రౌండ్ స్కూల్ మీద పెడుతున్న శ్రద్ధ ఎఫ్‌టీఓ మీద పెట్టండి. 2025 అక్టోబరు నుంచి డీజీసీఏ వాటికి ర్యాంకింగ్ ఇస్తోంది, మొదటిసారి ఇచ్చినప్పుడు అన్నిటికన్నా పైనుండే ఏ ప్లస్ ప్లస్, ఏ ప్లస్ కేటగిరీల్లో ఒక్క స్కూలూ లేదు. ఎన్ని విమానాలు నిజంగా ఎగురుతున్నాయి, 200 గంటలకి ఎన్ని నెలలు పడుతోంది అనేది అక్కడికి వెళ్ళి పిల్లల్ని అడిగి తెలుసుకోవాల్సిందే.

మీరు అడిగినదానికి నా జవాబు హైదరాబాదే, డెమో క్లాస్ బాగుంటే. బాగోకపోతే ఇంకో రెండు చోట్ల చూడండి, తొందరేం లేదు. మొదటి నెల మీరు ఫోన్ చేసి 'చదివావా' అని అడగకండి, మీ చెల్లెలికీ ఆ డ్యూటీ అప్పజెప్పకండి. నెలాఖరుకి వాడంతట వాడు ఎన్ని చాప్టర్లు పూర్తి చేశాడో చూడండి. చేస్తే, మీకున్న టెన్షన్‌లో సగం పోతుంది. చేయకపోతే 2.25 లక్షల దగ్గరే ఆ సంగతి తెలిసినట్టు, యాభై లక్షలు కట్టాక కాకుండా. ఎంపీసీలో 88 శాతం వచ్చినవాడు, ఇంజనీరింగ్ తలుపు ఎక్కడికీ పోదు, బెంగ పెట్టుకోకండి.

క్లాస్ వన్ రిపోర్టు వచ్చాక మళ్ళీ రాయండి, ఎఫ్‌టీఓల సంగతి అప్పుడు వివరంగా మాట్లాడుకుందాం. ఈసారి ఉత్తరం మాత్రం బాబు చేత రాయించండి, మీరు పక్కన కూర్చోకుండా.