నాలుగో కిలోమీటరు గురించి రాయమ్మా

అమ్మా,

ఆర్కే బీచ్‌లో జరిగిన ఐదు కిలోమీటర్ల పరుగు గురించి నువ్వు రాసి పంపిన వ్యాసం తీరిగ్గా చదివాను. మొదటిసారి పందెంలో దిగిన మనిషి ఇంటికొచ్చి, పిక్కలు పీకుతుంటే కాళ్లు చాపుకుని రాసిందని తెలుస్తూనే ఉంది. ఆ వేడి నాకు నచ్చింది. బాగుందని ఒక ముక్క చెప్పి ఊరుకుంటే నీకు మేలు చేసినవాణ్ణి కాను. నువ్వు రాయగలవు. అందుకే మీ మాస్టారి నుంచి ఇంత పొడుగు ఉత్తరం.

నీ వ్యాసంలో సగం గడిచినా పరుగు మొదలవదు. నాలుగింటి అలారం, ఆటో దొరక్కపోవడం, స్టేజీ మీద జుంబా, డీజే పాటలు, ఆఫీసు వాళ్లతో సెల్ఫీలు. అవన్నీ జరిగే ఉంటాయి. కానీ ఆ పొద్దున అక్కడికొచ్చిన అందరికీ అవే జరిగాయి. నీకు మాత్రమే జరిగింది కాళీమాత గుడి దాటాక మొదలైంది. ఆ ముందు భాగంలోంచి పిన్నీసుల సంగతి ఒక్కటి ఉంచు. బిబ్‌కి, అంటే ఛాతీ మీది నంబరు కాగితానికి, నాలుగు మూలలా పిన్నీసులు గుచ్చుకున్నావు, వంకరగా వచ్చిందని మళ్లీ తీశావు, వెనకాల అతికించిన, టైమ్ లెక్కేసే చిప్ నలిగిపోయిందేమోనని తిప్పి చూసుకున్నావు. నీ టెన్షన్ మొత్తం ఆ మూడు పనుల్లో ఉంది. ఆ కిందే 'నాకు చాలా టెన్షన్‌గా అనిపించింది' అని రాశావు. ఆ వాక్యం కొట్టెయ్యి.

చిన్న దూరం పందెం గురించి రాయడం కష్టమమ్మా. మారథాన్ అయితే 42 కిలోమీటర్లు అనగానే చదివేవాళ్లు ముందే నోరు తెరుస్తారు. 30 దాటాక ఒంట్లో దాచుకున్న శక్తి అడుగంటడం, కాళ్లు మొరాయించడం, ఏడుపు, అన్నీ ఉంటాయి. ఐదు కిలోమీటర్లలో అలాంటి కథ ఉండదు. రాత్రి తిన్న అన్నమే అంత దూరానికి చాలు. అరగంట పైచిలుకులో అయిపోతుంది. బీచ్‌కి వాకింగ్‌కొచ్చిన పెద్దాయన ఒక చివర నుంచి ఇంకో చివరకి వెళ్లొచ్చేలోగా మీ పందెం ముగిసి, అరటిపండ్లు కూడా పంచేస్తారు. మరి ఇందులో రాయడానికేముంది? వేగం గురించి నువ్వు తీసుకున్న నిర్ణయాలున్నాయి. పెంచనా, తగ్గించనా, ముందున్న మనిషిని పట్టుకోనా, వదిలెయ్యనా. చిన్న పందెం అంటే అదే. నువ్వేమో వాటిని 'ఎలాగోలా పరిగెత్తాను' అన్న రెండు మాటల్లో చుట్టేశావు.

నీ వాచీలో లెక్కలు కింద పెట్టావు కాబట్టి సరిపోయింది. మొదటి కిలోమీటరు 6 నిమిషాల 5 సెకన్లు. నాలుగోది 7 నిమిషాల 25 సెకన్లు. ఈ రెండు అంకెల మధ్యే నీ వ్యాసం ఉంది.

మొదటి కిలోమీటరులో ఏం జరిగిందో నేను చెప్పగలను, ఎందుకంటే అది అందరికీ జరిగేదే. గంట కొట్టగానే జనం ఉరుకుతారు, వాళ్లతో పాటు నువ్వూ ఉరుకుతావు. ఒంట్లో అడ్రినలిన్ పొంగుతూ ఉంటుంది. పైగా ఊపిరీ గుండే కండరాల అవసరానికి సరితూగేంత పుంజుకోవడానికి కాస్త టైమ్ పడుతుంది, ఆలోగా ఎంత వేగంగా వెళ్లినా తేలిగ్గానే అనిపిస్తుంది. ఇదేముంది, నేను అనుకున్నదానికంటే బాగానే పరిగెడుతున్నానే అనుకుంటావు. ఆ సంతోషం అబద్ధం కాదు, కానీ అప్పుమీద తెచ్చుకున్నది. ఆ సంతోషాన్ని దాచకుండా రాయి. ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ పక్క నుంచి వెళ్తున్నప్పుడు నీకు నిజంగా ఎలా అనిపించిందో రాయి. అక్కడ నవ్వుకున్నావు కదా, ఫొటోలో కనిపిస్తోంది. ఆ నవ్వు ముందుంటేనే నాలుగో కిలోమీటరులో నీ మొహం ఎందుకలా అయిందో చదివేవాళ్లకి తగులుతుంది.

ఆ నాలుగో కిలోమీటరులో నీకు దొరికిన మనిషి గురించి ఇప్పుడు చెప్తాను. వ్యాసమంతటిలో నాకు బాగా నచ్చింది ఆవిడే. ముదురు ఆకుపచ్చ పంజాబీ డ్రెస్, చున్నీ నడుముకి బిగించి కట్టుకుంది, కాన్వాస్ బూట్లు, కుడి బూటు మడమ బయటి వైపుకి అరిగిపోయింది. ఇంత దగ్గరగా చూశావంటే ఆవిడ వెనకాల చాలాసేపే పరిగెత్తావన్నమాట. 'ఆవిణ్ణి దాటాను, చివర్లో ఆవిడ నన్ను దాటింది' అని ఒకే వాక్యం రాసి మెడల్ దగ్గరికి వెళ్లిపోయావు. అమ్మా, అక్కడ ఆగాలి. అరిగిన మడమ నేల మీద పడే చప్పుడు నీకు వినిపించిందా? ఆ చప్పుడుకి నీ అడుగు కలిసిందా? దాటాలని ఎక్కడ అనిపించింది? నీళ్ల టేబుల్ దగ్గర ఆవిడ ఆగినప్పుడా? అయితే ఆవిడ నీళ్లు తాగుతున్నప్పుడు దాటావని రాయాలి. అది తప్పేం కాదు, పందెంలో అందరూ చేసే పనే, కానీ దాటాక నీకు కొంచెం ఇబ్బందిగా అనిపించి ఉంటే అది కూడా రాయాలి. ఆవిడ మళ్లీ నిన్ను దాటినప్పుడు నీ వైపు చూసిందా, చూడలేదా? ఇవి నువ్వు తప్ప ఇంకెవరూ రాయలేరు.

ఒక జాగ్రత్త. ఆవిడ బిబ్ నంబరు వేశావు. తీసెయ్యి. నంబరుంటే ఫలితాల జాబితాలో పేరు వెతుక్కోవచ్చు. ఆవిడ నీ వ్యాసంలోకి వస్తానని ఒప్పుకోలేదు కదా. బూటు మడమ చాలు. అలాగే చివర్లో నడుచుకుంటూ వచ్చినవాళ్ల గురించి రాసిన నవ్వులాట పేరా కూడా వద్దు. అలాంటి పరుగుల్లో నీళ్ల టేబుల్ దగ్గర కప్పులు అందిస్తూ నేను చాలాసార్లు నిలబడ్డాను. ముందు వెళ్లేవాళ్లు కప్పు లాక్కుని వెళ్లిపోతారు. చివర వచ్చేవాళ్లే ఆగి, కళ్లలోకి చూసి, 'థ్యాంక్సండీ' అంటారు. అప్పటికి రోడ్డంతా తొక్కేసిన పేపర్ కప్పులు, తడి. వాళ్లు ఆ కప్పుల మధ్య అడుగులు చూసుకుంటూ వెళ్తారు. వాళ్లు పడే కష్టం ముందున్నవాళ్ల కష్టం కంటే ఎక్కువసేపు ఉంటుంది. వాళ్ల మీద గౌరవం లేకుండా పరుగు గురించి రాయలేం.

అంకెల విషయంలో నీకు మంచి అలవాటుంది, పోగొట్టుకోకు. కానీ అంకె దేనికి ఆనుకుని ఉందో చెప్పకపోతే చదివేవాళ్లకి పట్టదు. 1984 లాస్ ఏంజిల్స్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో పి.టి.ఉష 55.42 సెకన్లలో వచ్చింది అంటే ఎవరికీ ఏమీ అనిపించదు. మూడో స్థానంలో వచ్చిన రుమేనియా అమ్మాయి 55.41 అంటే గుండె కలుక్కుమంటుంది. నీ 34 నిమిషాల 12 సెకన్లు కూడా అంతే. 35 లోపు రావాలని ఇంట్లో క్యాలెండర్ మీద రాసుకున్నావని ఫోన్‌లో చెప్పావు, వ్యాసంలో మాత్రం ఆ మాట లేదు! ఇంకో మంచి సంగతి కూడా వదిలేశావు. ఆర్చి మీద గడియారం 35 నిమిషాల 50 సెకన్లు చూపిస్తుంటే, తప్పిపోయానని అనుకుంటూ గీత దాటావు. వెనక వరసల్లో నిలబడ్డావు కాబట్టి స్టార్ట్ దగ్గర చిప్‌ని గుర్తుపట్టే మ్యాట్ తొక్కేసరికే నిమిషంన్నర పైన గడిచింది. గడియారం గంట కొట్టినప్పటి నుంచి లెక్కేస్తుంది, చిప్ నువ్వు మ్యాట్ తొక్కినప్పటి నుంచి లెక్కేస్తుంది. చిప్ టైమ్ మెసేజ్ వచ్చేదాకా నీకది తెలియదు. ఓడిపోయాననుకుని మెడల్ వేయించుకున్న ఆ కాసేపు ఎలా గడిచిందో రాయి. కల్పించి రాద్దామన్నా ఇంత బాగా కుదరదు.

రూటు కొలత తప్పని నిర్వాహకుల మీద విరుచుకుపడ్డావు, నీ వాచీ 5.08 చూపించిందని. అంత తొందరపడకు. పద్ధతి ప్రకారం కొలిచే రోడ్డు పందేల్లో సైకిల్ చక్రానికి లెక్కపెట్టే చిన్న యంత్రం బిగించి, మలుపుల్లో అంచుకి 30 సెంటీమీటర్ల దూరంలో, వీలైనంత దగ్గరి దారిన తొక్కుతూ కొలుస్తారు. దూరం పొరపాటున కూడా తగ్గకూడదని వెయ్యికి ఒకటి చొప్పున కలుపుతారు, అంటే ఐదు కిలోమీటర్లకి 5 మీటర్లు. మనం జనాన్ని తప్పించుకుంటూ అటూ ఇటూ వంకరలు తిరుగుతాం, వాచీ కూడా ఉపగ్రహాల లెక్కలో కొంచెం అటూ ఇటూ అవుతుంది. కాబట్టి 5.08 రావడం మామూలే. ఊళ్లో జరిగే చిన్న పరుగులన్నీ ఇంత శ్రద్ధగా కొలుస్తారని నేననను. మీ పందెం కొలిచారో లేదో ఒక ఫోన్ చేసి అడుగు, తెలిశాక రాయి. కోపంతో రాసిన పేరాలో తప్పు దొరికితే మిగతా పేరాలన్నీ నమ్మరు.

పోలికల గురించి కొంచెం గట్టిగా చెప్తాను, ఏమీ అనుకోకు. 'మన వైజాగ్ అమ్మాయి జ్యోతి యర్రాజిలా అడ్డంకులన్నీ దాటుకుంటూ' అని రాశావు. జ్యోతి దాటేవి నిజం హర్డిల్స్. నూరు మీటర్లలో పది, ఒక్కోటి 84 సెంటీమీటర్ల ఎత్తు. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా స్వర్ణం గెలిచినప్పుడు ఆ పదీ దాటి 13.09 సెకన్లలో గీత చేరింది. అంత పనిని తీసుకొచ్చి నీ బద్ధకానికీ అలారానికీ పోలిక చేస్తే ఆ అమ్మాయి కష్టమూ చిన్నబోతుంది, నీ పరుగూ కనిపించకుండా పోతుంది. 2020లో మొనాకోలో ఉగాండా పరుగుగాడు జాషువా చెప్తెగీ 5000 మీటర్ల ప్రపంచ రికార్డు పెట్టాడు, 12 నిమిషాల 35.36 సెకన్లు. నువ్వు పరిగెత్తిన దూరమూ అదే. పోలిక కావాలంటే దూరం ఒకటేనన్న మాట చాలు. 'జీవితం కూడా ఒక పరుగు పందెమే' అన్న చివరి పేరా పూర్తిగా తీసెయ్యి. ఆ వాక్యం రాయడానికి నువ్వు తెల్లారగట్ల లేచి బీచ్‌కి వెళ్లక్కర్లేదు.

ఊరిని కూడా వాడుకో. వెళ్లేటప్పుడు సముద్రం నీ కుడి చేతి వైపుంది, యూ టర్న్ తర్వాత ఎడమ చేతి వైపుకొచ్చింది, ఎండ ఎడమ చెంప మీద పడింది. మన దగ్గర ఉక్కలో చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది. అందుకే పక్కనే సముద్రం ఉన్నా నీ ఒళ్లు కాలిపోయింది. 'చల్లని సముద్రపు గాలి సేద తీర్చింది' అని రాశావు, నిజంగా తీర్చిందా? కుడి డొక్కలో పట్టేసిందని ఇంకోచోట రాశావు, అక్కడ చెయ్యి ఎక్కడ పెట్టుకుని నొక్కుకున్నావో చెప్పు. ఆయాసం వచ్చినచోట వాక్యాలు తుంపులు తుంపులుగా రాయమని నీకు చాలామంది చెప్తారు. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. నాలుగో కిలోమీటరులో బుర్ర ఆగదు. ఆ కరెంటు స్తంభం దాకా వెళ్లి నడుద్దాం, సరే ఇంకోటి దాకా, అసలు ఎందుకొచ్చాను, ఇంకోటి దాకా అని తిరిగిన చోటే తిరుగుతుంది. అక్కడ వాక్యం పొడుగ్గా వచ్చినా రానీ.

భాష మార్చకు. పేస్, పేసర్ (వేగం చూపిస్తూ తోడు పరిగెత్తే మనిషి), చిప్, వార్మప్, పీబీ (ఇప్పటిదాకా నీ మేటి టైమ్) అని మీరు మాట్లాడుకునే మాటలే ఉంచు. పరుగంటే ఏమిటో తెలియనివాళ్లకి అర్థం కావాలంటే మాట పక్కనే పని చూపించు, చాలు.

మళ్లీ రాసేముందు ఫొటోలు చూడకు. ఫొటోల్లో అందరూ మెడల్ కొరుకుతూ నవ్వుతూ ఉంటారు, నొప్పి మరిచిపోవడం అక్కడే మొదలవుతుంది. వాచీలో ఆ ఐదు అంకెలు కాగితం మీద రాసుకుని, ఒక్కోదాని కింద అప్పుడు ఏమనుకున్నావో, ఎవరు పక్కనున్నారో గుర్తొచ్చినంత రాసి పెట్టు. అయిదోదాని కింద తక్కువే ఉంటుంది, పరవాలేదు. నాలుగోదాని కింద పేజీ నిండాలి. వచ్చే నెల పది కిలోమీటర్లకి పేరిచ్చావట, సంతోషం. కానీ అందులో దిగేలోపు ఇది తిరగరాసి పంపు. ఆ పందెం కాళ్లలోకి వచ్చాక దీని సంగతులు కలిసిపోతాయి. ప్రింట్ తీసి పంపితే పక్కన పెన్సిల్‌తో రాయడానికి నాకు వీలుగా ఉంటుంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు