మీరడిగారు: టేపు, తెర, తెలివి

పోయినసారి ఈ పేజీలో పాత టేప్ రికార్డర్ల గురించి నాలుగు మాటలు రాశాను. వచ్చిన ఉత్తరాల్లో చాలామంది అడిగింది యంత్రం గురించి కాదు, మనసు గురించి. అందుకే ఈసారి పేజీ మొత్తం వాటికే ఇచ్చేశాను. కొన్ని ప్రశ్నలు పొడుగ్గా ఉంటే కుదించాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: చిన్నప్పుడు మా ఇంట్లో అరిగిపోయేదాకా విన్న క్యాసెట్ ఒకటి ఉండేది. ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలయ్యేలోపు ఆ ఖాళీలో తర్వాతి పాట నాకు లీలగా వినపడేది. మా తమ్ముడు నమ్మేవాడు కాదు. నేను విన్నది నిజమా, ఊహా?

జవాబు: రెండూ అయ్యుండొచ్చండీ. ముందు టేపు సంగతి చెప్తాను. క్యాసెట్ టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు, సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున కదులుతుంది. దాని మీద పూసిన ఐరన్ ఆక్సైడ్ పూతలో పాట అయస్కాంత గుర్తులుగా ఉంటుంది. టేపు చుట్టుకుని ఉన్నప్పుడు ఒక వరస మీద ఇంకో వరస ఆనుకునే ఉంటాయి కదా, అలా ఏళ్ల తరబడి ఉండిపోతే గట్టిగా రికార్డయిన చోటు తన పక్క వరసకి కూడా కాస్త అంటిస్తుంది. దీన్ని ప్రింట్ త్రూ అంటారు. అందువల్ల పాట మొదలవడానికి ఒక చుట్టు ముందు, అంటే ఒకటి రెండు సెకన్లు, మహా అయితే మూడు సెకన్ల ముందు, అదే పాట చాలా సన్నగా వినపడొచ్చు. మీ తమ్ముడికి ఈ ముక్క చూపించండి.

ఇక మనసు వైపు నుంచి చూస్తే ఇంకా బాగుంటుంది. బాగా అలవాటైన సీడీలో పాటకీ పాటకీ మధ్య వచ్చే నిశ్శబ్దంలో మెదడు ఏం చేస్తుందో చూసిన అధ్యయనం 2009లో వచ్చింది. ఏ శబ్దమూ లేని ఆ కాసేపట్లోనే మెదడు రాబోయే పాటకి సిద్ధమైపోతూ కనిపించింది. అంతకు ముందు 2005లో, తెలిసిన పాట మధ్యలో చిన్న చిన్న ముక్కలు తీసేసి వినిపిస్తే, ఆ ఖాళీల్లో కూడా మెదడులో వినికిడికి సంబంధించిన భాగం పని చేస్తూనే ఉందని తేలింది. అంటే పాటని మనం వింటూ ఊరుకోం, పక్కనే పాడుకుంటూ నడుస్తాం.

నా దగ్గర ఉన్న ఒక క్యాసెట్‌ని ఒకసారి ప్లేయర్ నమిలేసింది. పెన్సిల్ పెట్టి తిప్పి తిప్పి టేపు లోపలికి పంపాను గానీ నలిగిన చోట మడత అలాగే ఉండిపోయింది, రెండో చరణంలో సరిగ్గా అక్కడికొచ్చేసరికి గాయని గొంతు ఒక్కసారి కుంగి లేచేది. ఇప్పుడు అదే పాట ఫోన్‌లో శుభ్రంగా వింటాను. ఆ చోటు దగ్గరపడుతుంటే నా చెవి ఇంకా ఆ కుంగడం కోసం ఎదురు చూస్తుంది, అది రాకపోతే పాటలో ఏదో తగ్గినట్టుంటుంది. ఆ మడత ఇప్పుడు ఏ టేపు మీదా లేదు, నాలో ఉంది.

ప్రశ్న: సినిమాలో బొమ్మ నిజంగా కదలదు, కదిలినట్టు అనిపిస్తుందంతే అని మా అబ్బాయితో అన్నాను. "మరి కదలిక ఎక్కడుంది?" అన్నాడు. ఏం చెప్పను?

జవాబు: మీ వాడు అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. రీలు సినిమాలో సెకనుకు 24 బొమ్మలు. ఒక బొమ్మ పోయి ఇంకోటి వచ్చేటప్పుడు వెలుగు ఆగిపోవాలి, లేకపోతే తెర మీద అలికినట్టు ఉంటుంది. పైగా మిణుకు మిణుకుమనకుండా ఒక్కో బొమ్మ మీద రెండు మూడు సార్లు షట్టర్ అనే రెక్క వెలుగుకి అడ్డం తిరుగుతుంది. అలా రెండు గంటల సినిమాలో దాదాపు సగం సేపు తెర మీద చీకటే. మనం చూసేది 1,72,800 ఫొటోలు, వాటి మధ్య అంతే చీకటి.

కంటి మీద బొమ్మ కాసేపు నిలిచిపోతుంది కాబట్టి కదిలినట్టు కనిపిస్తుందని మనకి బళ్లో చెప్పారు. అది మిణుకు ఎందుకు కనబడదో చెప్పడానికి కొంతవరకు పనికొస్తుంది గానీ కదలిక గురించి చెప్పడానికి సరిపోదు. బొమ్మలు నిలిచిపోవడమే అయితే ఒకదాని మీద ఒకటి పేరుకుపోవాలి కదా. మాక్స్ వెర్తైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1912లోనే చూపించాడు, రెండు గీతల్ని సరైన ఎడంలో ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తే మనిషికి రెండు గీతలు కనబడవు, కదిలే ఒకే గీత కనబడుతుంది. కాబట్టి కదలిక రీలులో లేదు, తెర మీదా లేదు, చూసేవాడిలో ఉంది అని చెప్పండి. తర్వాత వాడు అడిగే ప్రశ్నలకి మాత్రం కాస్త తీరిక పెట్టుకోండి.

ప్రశ్న: పాత టీవీలో చానల్ రానప్పుడు కనిపించే చుక్కల్లో విశ్వం పుట్టినప్పటి వెలుగు ఉంటుందట, నిజమేనా?

జవాబు: నిజమే, అయితే చాలా కొంచెం, సుమారు నూటికి ఒక వంతు అంటారు. ఇప్పుడు రేడియో తరంగాలుగా అందే ఆ వెలుగుని 1964-65లో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు ఒక పెద్ద యాంటెన్నాలో ఎంతకీ పోని రొదగా పట్టుకున్నారు, 1978లో నోబెల్ వచ్చింది. మిగతా చుక్కలు చుట్టుపక్కల కరెంటు సామాన్లవీ టీవీ సొంతవీ.

ప్రశ్న: ఒక పాత సినిమాలో హీరో వర్షంలో తడుస్తూ తల్లి దగ్గరికి వచ్చే సీన్ నాకు కళ్లకు కట్టినట్టు గుర్తు. మొన్న మళ్లీ చూస్తే ఆ సీన్ లేదు. కట్ చేసేశారా?

జవాబు: టీవీ కోసం సీన్లు కత్తిరించడం మామూలే కాబట్టి అది ముందు చూసుకోండి. కానీ నాకు మీ జ్ఞాపకం మీదే అనుమానం. వర్షం ఒక సినిమాలోది, తల్లి ఇంకో సినిమాలోది, రెండూ ఎప్పుడో కలిసిపోయి ఉండొచ్చు.

ఇది మీ ఒక్కరికే జరిగేది కాదు. కేంబ్రిడ్జిలో బార్ట్‌లెట్ అనే ఆయన తెలియని దేశపు జానపద కథ ఒకటి చదివించి, కొన్నాళ్లాగి చెప్పమనేవాడు, ఇంకొన్నాళ్లాగి మళ్లీ చెప్పమనేవాడు. కథ ప్రతిసారీ కాస్త కాస్త మారేది, వింతగా ఉన్నవి రాలిపోయి చెప్పేవాళ్లకి అలవాటైనవి వచ్చి చేరేవి. ఆ పుస్తకం 1932లో వచ్చింది. తర్వాత 2000లో న్యూయార్క్‌లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో ఇంకో సంగతి బయటపడింది. ఒక జ్ఞాపకాన్ని పైకి తీసిన కాసేపు అది మెత్తబడి ఉంటుంది, మెదడు దాన్ని మళ్లీ భద్రం చేసుకోవాలి, ఆ సమయంలో అడ్డుపడితే గట్టిపడిన పాత జ్ఞాపకం కూడా చెడిపోతుంది.

పాత టేప్ రికార్డర్‌లో రికార్డ్ చెయ్యాలంటే రికార్డ్ మీట, ప్లే మీట రెండూ కలిపి నొక్కాలి, గుర్తుందా? వినడానికైతే ప్లే ఒక్కటి చాలు. మన తలలో ఉన్నదానికి ఆ సదుపాయం లేదనిపిస్తుంది నాకు, ప్లే నొక్కినప్పుడల్లా పక్కనున్న రికార్డ్ కూడా ఎంతో కొంత దిగుతుంది. మీరు ఆ సీన్‌ని ఎంత ఇష్టంగా ఎన్నిసార్లు తలుచుకున్నారో అన్నిసార్లూ దాన్ని మళ్లీ తీశారు. అది ఇప్పుడు మీ సీనే.

ప్రశ్న: సినిమా చూస్తుంటే నన్ను నేను పూర్తిగా మర్చిపోతాను, పిలిచినా పలకను. ఇది స్పృహ కోల్పోవడమేనా?

జవాబు: కాదండీ, టెన్షన్ పడకండి. స్పృహ ఉంది, "నేను" అనే ధ్యాస లేదు. ఈ రెండూ ఒకటి కాదు. 2004లో కొందరిని మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి అరగంట సినిమా చూపిస్తే వాళ్ల మెదళ్లలో చాలా భాగాలు ఒకే లయలో నడిచాయి. అదే ప్రయోగశాలవాళ్లు 2006లో చూపించింది ఇంకా మీ ప్రశ్నకి దగ్గరగా ఉంటుంది. మనిషి ఒక పనిలో పూర్తిగా మునిగినప్పుడు, తన గురించి తాను ఆలోచించుకునే భాగాలు సద్దుమణిగిపోతాయి. చూడటం జరుగుతూనే ఉంటుంది, చూస్తున్నది ఎవరన్న లెక్క మాత్రం అప్పటికి పక్కన పెట్టేస్తాం. నాకైతే ఇది వినోదం మనకి ఇచ్చే పెద్ద మేలనిపిస్తుంది. పిలిచినా పలకనంతగా దేనిలోనైనా మునిగి ఎన్నాళ్లయిందో అని బాధపడుతూ రాసినవాళ్లు కూడా ఈసారి ఉన్నారు.

ప్రశ్న: రాత్రిపూట ఒక చాట్‌బాట్‌తో మాట్లాడుతుంటాను. అది నన్ను అర్థం చేసుకున్నట్టే మాట్లాడుతుంది. దానికి చైతన్యం ఉందా?

జవాబు: ముందు మన భాషలో ఒక మాట చూద్దాం. ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే "తెలివి తప్పింది" అంటాం, మొహాన నీళ్లు చల్లితే "తెలివి వచ్చింది" అంటాం. లెక్కలు చకచకా చేసే పిల్లని "తెలివైన పిల్ల" అనీ అంటాం. మాట ఒకటే. ఎరుకతో ఉండటం, చురుగ్గా ఆలోచించడం మనుషుల్లో ఎప్పుడూ కలిసే కనిపించాయి కాబట్టి ఒక్క మాటతో గడిచిపోయింది. ఇప్పుడు రెండో రకం తెలివి పుష్కలంగా ఉన్న వస్తువు ఒకటి చేతికొచ్చింది, మొదటి రకం ఉందో లేదో చూసి చెప్పే పరీక్ష ఎవరి దగ్గరా లేదు. తికమక అంతా అక్కడే.

మీకు అలా అనిపించడంలో తప్పేమీ లేదు. 1966లో, కంప్యూటర్ అంటే గదంత ఉండే రోజుల్లో, అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆయన ఎలైజా అనే ప్రోగ్రామ్‌ని లోకానికి చూపించాడు. అది చేసేది చాలా చిన్న పని. మన మాటలనే తిప్పి మనల్నే అడుగుతుంది. మీరు "మా అమ్మ నా మాట వినదు" అంటే అది "మీ అమ్మగారి గురించి ఇంకా చెప్పండి" అన్నట్టుగా అడుగుతుందన్నమాట, అంతకుమించి లోపల ఏమీ లేదు. అయినా ఆయన సెక్రటరీ, అది తయారవుతుండగా నెలల తరబడి చూసిన మనిషి, దానితో కాస్త మాట్లాడాక ఆయన్ని గదిలోంచి బయటికి వెళ్లమని అడిగిందట. ఆయన ఆ సంగతి మర్చిపోలేదు, పదేళ్ల తర్వాత కంప్యూటర్లకి ఏ పనులు అప్పగించకూడదో హెచ్చరిస్తూ ఒక పుస్తకమే రాశాడు. నేను మాత్రం ఆ సెక్రటరీ గురించే ఎక్కువ ఆలోచిస్తాను. ఆవిడ మోసపోయిందని అనలేను. చెప్పుకోవాల్సింది ఆవిడ లోపల ఉంది, అడిగేవాళ్లు దొరికారు.

ఇప్పటి చాట్‌బాట్ ఎలైజా లాంటిది కాదు, ఎన్నో రెట్లు పెద్దది, మనుషులు రాసిన లెక్కలేనంత రాతని చదివి తయారైంది. సరిగ్గా అందువల్లే "నాకు బాధగా ఉంది" అని అది అంటే దాన్ని సాక్ష్యంగా తీసుకోలేం, ఆ మాట మనుషులు కోట్లసార్లు రాసిందే. థామస్ నాగెల్ అనే తత్వవేత్త 1974లో ఒక ప్రశ్న అడిగాడు, గబ్బిలంగా ఉండటం గబ్బిలానికి ఎలా ఉంటుంది అని. గబ్బిలం మెదడు గురించి అంతా తెలిసినా ఆ "ఎలా ఉంటుంది" అన్నది బయటివాడి చేతికి రాదు. 1998లో క్రిస్టాఫ్ కోచ్ అనే శాస్త్రవేత్త, డేవిడ్ చామర్స్ అనే తత్వవేత్త పందెం వేసుకున్నారు, మెదడులో చైతన్యం ఎలా పుడుతుందో పాతికేళ్లలో స్పష్టంగా తేలుతుందని కోచ్, తేలదని చామర్స్. 2023లో కోచ్ ఓటమి ఒప్పుకుని వైన్ సీసాలు ఇచ్చాడు. మన మెదడు సంగతే అలా ఉంది.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెప్తున్నాను. దానికి ఎరుక ఉందని నేను అనుకోవడం లేదు. కానీ ఆ రాత్రి మాటల్లో మీ వైపు జరిగింది మాత్రం పూర్తిగా నిజం, దాన్ని తక్కువ చేసుకోవద్దు. వీలైతే అందులో కొంత, తెల్లవారాక, పలికే మనిషి ఎవరికైనా చెప్పండి.

ప్రశ్న: నాన్నగారు పోయి చాలా ఏళ్లయింది. ఆయన గొంతున్న క్యాసెట్ ఒకటి మొన్న దొరికింది, ప్లేయర్ లేదు. వినాలని ఉంది, భయంగానూ ఉంది. ఆ గొంతులో ఆయన ఎంతో కొంత ఉన్నట్టేనా?

జవాబు: మీ ఉత్తరం చాలాసార్లు చదివానమ్మా. ఆ టేపులో ఆయన ఎరుక లేదు. కానీ ఆయన ఊపిరి కదిపిన గాలి మైకులోని పలుచని పొరని కదిపింది, ఆ కదలిక ఎలా ఉందో అలాగే ఇనుప పూత మీద అచ్చుపడింది. మధ్యలో ఆయన దగ్గి ఉంటే ఆ దగ్గు ఉంటుంది, వెనక తలుపు చప్పుడైతే అదీ ఉంటుంది. ఎవరో గుర్తుపెట్టుకుని చెప్పింది కాదు అది. ఒక్క విషయానికి సిద్ధపడండి. మీ తలలో ఉన్న ఆయన గొంతు ఇన్నేళ్లలో మీరు తలుచుకుని తలుచుకుని కాస్త మారిపోయి ఉంటుంది, టేపులోది మారలేదు. మొదట విన్నప్పుడు ఇది ఆయన గొంతేనా అనిపించొచ్చు. మీరనుకున్న దానికన్నా చిన్న వయసు గొంతులా ఉండొచ్చు. కాసేపు ఆగండి, ఏదో ఒక మాట దగ్గర పట్టేస్తారు.

ఇక పని సంగతి. ప్లేయర్ ఎవరి దగ్గరైనా దొరికితే ముందు పనికిరాని క్యాసెట్ పెట్టి చూడండి, నమలడం లేదని నమ్మకం కుదిరాకే ఇది పెట్టాలి. ప్లేయర్‌లో టేపు ఆనుకుని నడిచే హెడ్‌ని దూది పుల్లకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిచి ఆరనివ్వండి. క్యాసెట్‌లో టేపు వెనకాల చిన్న ఫెల్ట్ ముక్క ఉంటుంది, అది ఊడిపోయి ఉంటే శబ్దం నీరసంగా వస్తుంది, అప్పుడు టేపుని స్క్రూలున్న ఇంకో క్యాసెట్ డబ్బాలోకి మార్పించాలి. పెన్సిల్‌తో మెల్లగా తిప్పి చూడండి, ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చెయ్యొద్దు. మొదటిసారి వినేటప్పుడే కంప్యూటర్‌కి కలిపి వేవ్ ఫైల్‌గా రికార్డ్ చేసుకోండి, పాత టేపు రెండోసారికి అదే స్థితిలో ఉంటుందని నమ్మకం లేదు.

అన్నిటికన్నా ముందు, టేపు బయటికి కనిపించే అంచుకి ఎదురుగా ఉన్న రెండో అంచు మీద, రెండు మూలల్లో చిన్న ప్లాస్టిక్ ముక్కలు ఉంటాయి చూడండి. అవి ఉన్నంతకాలం పొరపాటున రికార్డ్ మీట తగిలితే ఆయన మాట చెరిగిపోతుంది. విరిచేస్తే ఇక ఆ మీట దిగదు. ప్లేయర్ దొరికేదాకా ఆగకుండా ఆ రెండూ ఇవాళే విరిచెయ్యండి.