నిష్పత్తి సరిపోతే లెక్కల మాస్టారు అక్కర్లేదా?

ప్రశ్న: మాది ఆంధ్రప్రదేశ్‌లో ఒక పల్లెటూరు. మా అమ్మాయి ఇక్కడి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతి చదువుతోంది. ఆరు నుంచి పది వరకు 214 మంది పిల్లలున్నారు. మంజూరైన 11 పోస్టుల్లో గణితం, జీవశాస్త్రం ఖాళీగా ఉన్నాయి. ఇంగ్లీషు టీచరును డిప్యుటేషన్ మీద మండల కార్యాలయంలో కంప్యూటర్ పనికి పంపారు. అమ్మాయి లెక్కల నోట్సులో ఆగస్టు తర్వాత ఒక్క పేజీ నిండలేదు. ఎంఈఓ గారిని అడిగితే "టీచరుకు 27 మంది పిల్లలే ఉన్నారు, చట్టం 35 వరకు ఒప్పుకుంటుంది" అన్నారు. పదో తరగతి పిల్లలు కొందరు పరీక్షల భయంతో బడి మానేస్తున్నారు, వాళ్ల గోడు వినే మనిషి లేరు. మేమేం చేయగలం? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ఎంఈఓ గారు చేసిన భాగహారంలో తప్పు లేదు; కానీ చట్టం చూడమన్నది ఆ ఒక్క లెక్కనే కాదు. 2009 నాటి విద్యా హక్కు చట్టం షెడ్యూలు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 35 మంది పిల్లలకు ఒక టీచరు ఉండాలని చెబుతూనే, తరగతికి కనీసం ఒక టీచరు ఉండాలనీ, విజ్ఞాన శాస్త్రం-గణితం, సాంఘిక శాస్త్రం, భాషలు అనే మూడు విభాగాలకూ టీచర్లు ఉండి తీరాలనీ కూడా చెప్పింది. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. సైన్సును, గణితాన్ని చట్టం ఒకే విభాగంగా చూపింది గనుక, భౌతిక శాస్త్రం టీచరు ఉన్నారు కదా అని అధికారులు బదులివ్వవచ్చు. అందుకే మీ ఫిర్యాదును ఈ షెడ్యూలు ఒక్కదాని మీదే నిలబెట్టవద్దని నా సలహా.

మీకు అంతకంటే గట్టి ఆధారం అదే చట్టంలోని 26వ సెక్షన్. ప్రభుత్వ, స్థానిక సంస్థల పాఠశాలల్లో ఖాళీలు మంజూరైన పోస్టుల్లో పది శాతానికి మించకూడదని అది నియామకాధికారిని నేరుగా ఆదేశిస్తోంది. 11 పోస్టుల్లో ఒకటి ఖాళీ అయితే తొమ్మిది శాతం, దానిని చట్టం ఓర్చుకుంటుంది. రెండు ఖాళీ అయితే పద్దెనిమిది శాతం, దానిని ఓర్చుకోదు. ఇక ఇంగ్లీషు టీచరు సంగతి మరింత స్పష్టం. ఒక బడికి నియమించిన టీచరును మరో బడిలోనో, కార్యాలయంలోనో పనిచేయించరాదని 25వ సెక్షన్ రెండో ఉపవిభాగం అంటోంది. 27వ సెక్షన్ ఇచ్చిన మినహాయింపులు మూడే: పదేళ్లకోసారి జరిగే జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికల విధులు. కార్యాలయంలో కంప్యూటర్ పని ఈ మూడింటిలో ఏదీ కాదు.

మీరు త్వరపడాలి అనడానికి ఒక కారణం ఉంది. విద్యా హక్కు చట్టం రక్షణ పద్నాలుగేళ్ల వరకు, ఎనిమిదో తరగతి వరకే. వచ్చే జూన్‌లో మీ అమ్మాయి తొమ్మిదిలోకి వెళితే ఈ వాదన ఆమె పేరుమీద ఇంత బలంగా నిలవదు. పై తరగతులకు 2012 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఆధారం చేసుకోవచ్చు. తాగునీరు, మరుగుదొడ్లతో పాటు బోధన, బోధనేతర సిబ్బందిని కూడా ఆరు నెలల్లో సమకూర్చాలని అన్ని పాఠశాలలకూ వర్తించేలా అందులో ఆదేశించింది.

పదో తరగతి పిల్లల విషయం నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మరణంపై తండ్రి వేసిన సుకదేబ్ సాహా కేసులో, 2025 జులై 25న సుప్రీంకోర్టు విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు జారీ చేసింది. వంద లేదా అంతకు మించి పిల్లలున్న ప్రతి సంస్థలో, పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌ను గానీ, సైకాలజిస్టును గానీ, సామాజిక కార్యకర్తను గానీ కనీసం ఒకరిని నియమించాలన్నది అందులో ఒకటి. తగిన చట్టం వచ్చేదాకా ఇవి దేశమంతటా అమల్లో ఉంటాయి. మీ బడిలో 214 మంది ఉన్నారు కనుక, మీరు దీనిని దయగా కాక హక్కుగా అడగవచ్చు. ఈలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416ను బడి గోడ మీద అందరికీ కనబడేలా రాయించమని హెడ్మాస్టరును ఈ రోజే కోరండి. దానికి ఎవరి మంజూరూ అక్కర్లేదు.

ముందుగా సమాచార హక్కు చట్టం కింద మంజూరైన పోస్టులు, ఖాళీ అయిన తేదీలు, డిప్యుటేషన్ ఉత్తర్వు నకలు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే గనుక, కమిటీ చేత తీర్మానం చేయించండి. ఆ రెండింటినీ, మీ అమ్మాయి నోట్సులో ఆగస్టు చివరి పేజీని, దాని తర్వాతి ఖాళీ పేజీని జెరాక్సు తీయించి జతచేసి, విద్యా హక్కు చట్టం 32వ సెక్షన్ కింద జిల్లా పరిషత్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఒక ప్రతిని డీఈఓకు ఇవ్వండి. డిప్యుటేషన్ రద్దు, ఖాళీలు భర్తీ అయ్యేదాకా పక్క బడి నుంచి తాత్కాలిక సర్దుబాటు, కౌన్సెలర్ నియామకం అనే మూడు కోరికలను విడివిడిగా రాయండి. ఉన్న ఎనిమిది మంది టీచర్ల మీద ఒక్క మాట కూడా రాయకండి; మిగతా ముగ్గురి బరువును మోస్తున్నది వాళ్లే.

ఫిర్యాదు అందినట్టు తేదీతో రసీదు తప్పక తీసుకోండి, ఫిర్యాదును తేల్చడానికి ఆ సెక్షన్ పెట్టిన మూడు నెలల గడువు అక్కడి నుంచే లెక్క. జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేయవచ్చు. అక్కడా పని జరగకపోతే రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ వేయాలి. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది కనుక, లాయరు ఫీజు గురించి వెనుకాడకుండా మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి.