తమ్ముడికి, విమానం ఎక్కేముందు

విజయనగరం

చిరంజీవి తమ్ముడికి,

నీకు, మరదలికి ఆశీస్సులు. మీ ఇద్దరికీ వీసా వచ్చిందని, అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్తున్నారని మీ వదిన చెప్పింది. చాలా సంతోషం. మొన్న ఫోన్లో "అక్కడ సీనియర్ సిటిజన్లకు అన్నీ సగం ధరకేనట కదా అన్నయ్యా" అని అడిగావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. ఈ కాగితం పాస్‌పోర్టుతో పాటు పెట్టుకో.

అక్కడ వయసుకు రాయితీలు ఉన్న మాట నిజమే. కానీ వయసొక్కటే సరిపోదు. అక్కడివాళ్ల లెక్కలో నువ్వు చూడ్డానికి వచ్చినవాడివా, గ్రీన్‌కార్డు ఉన్నవాడివా? ఇక్కడ బ్యాంకు లెక్కలో, ఇన్‌కమ్‌ టాక్స్ లెక్కలో నువ్వు ఇంకా ఇండియాలో ఉంటున్నవాడివేనా? ముందు ఈ రెండూ తేల్చుకో. అవి తేల్చుకోకుండా వెళ్లి, అక్కడ మిగిలినదానికి పదింతలు ఇక్కడ పోగొట్టుకున్నవాళ్లు మన చుట్టాల్లోనే ఉన్నారు.

ముందు సులువైనది చెబుతాను. నోరు తెరిచి అడగడం. నేను స్టేషన్లో రిజర్వేషన్ కౌంటర్లో కూర్చున్న రోజుల్లో మగవాళ్లకు 60 దాటితే 40 శాతం, ఆడవాళ్లకు 58 దాటితే 50 శాతం టికెట్టులో తగ్గేది. 2020 మార్చిలో ఆపేశారు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అప్పుడు కూడా ఫారంలో రాయితీ కావాలని రాయకుండా ఇచ్చేసే పెద్దవాళ్లు రోజూ కనిపించేవారు. ఒకసారి పార్వతీపురం వైపు నుంచి వచ్చిన ఒకాయన కండువా చివర ముడి విప్పి, పది రూపాయల నోట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టి పూర్తి ఛార్జీ ఇవ్వబోయాడు. "తాతా, నీ వయసెంత?" అని అడిగి, ఫారం నేనే మళ్లీ రాసి, మిగిలిన నోట్లు ఆయన చేతిలో పెట్టాను. అమెరికాలో అలా అడిగే మనిషి నీకు చాలాచోట్ల దొరకడు. మొదటిసారి వెళ్లినప్పుడు మా అమ్మాయి ఒక మ్యూజియంకి తీసుకెళ్లింది. మేమిద్దరం పూర్తి టికెట్టు కొన్నాం. మా వెనక నిలబడిన ఒక పెద్దావిడ "సీనియర్" అని ఒక్క మాట అని తక్కువ డబ్బులు కట్టింది. ధర బోర్డు మీద రాసే ఉంది, మేమే చూసుకోలేదు.

అందుకని "ఎనీ సీనియర్ డిస్కౌంట్?" అన్న మాట మరదలికి కూడా నేర్పు. మొహమాటపడొద్దు, అక్కడ దాన్ని ఎవరూ చిన్నతనంగా చూడరు. వయసు మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఒక దుకాణంలో 55, ఇంకోచోట 60, మరోచోట 62 లేదా 65. ప్రభుత్వం సొమ్ము తీసుకుని నడిచే సిటీ బస్సుల్లో, లోకల్ రైళ్లలో రద్దీ లేని వేళల్లో 65 దాటినవాళ్ల దగ్గర సగం ఛార్జీకి మించి తీసుకోకూడదని అక్కడి చట్టం. కొన్ని ఊళ్లలో దానికి ముందుగా కార్డు చేయించుకోవాలి, కాబట్టి దిగిన వారంలోనే అబ్బాయిని కనుక్కోమను. ఆమ్‌ట్రాక్ రైళ్లలో 65 దాటితే చాలా టికెట్ల మీద 10 శాతం తగ్గుతుంది. ఏఏఆర్‌పీ అనే పెద్దల సంఘంలో 50 నిండినవాళ్లు చేరొచ్చు. హోటళ్లు, అద్దె కార్ల దగ్గర ఆ కార్డు పనికొస్తుంది. ఇవన్నీ వయసును బట్టి ఇచ్చే రాయితీలు, తీసుకుంటే తప్పేమీ లేదు. నేషనల్ పార్కులకు 62 దాటినవాళ్లకు 80 డాలర్లకే జీవితాంతం పనిచేసే పాసు ఉంది, కానీ అది పౌరులకు, గ్రీన్‌కార్డు వాళ్లకే. నీకు ఇవ్వరు.

ఇక ఇక్కడి సంగతి. దీని మీద నువ్వు ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఉండే ఏడాదిలో 182 రోజులు ఇండియాలో ఉంటే టాక్సు లెక్కలో నువ్వు ఇక్కడివాడివే. అంతకు తగ్గితే వేరే లెక్కలు మొదలవుతాయి, అప్పుడు ఆడిటర్ దగ్గరికి వెళ్లక తప్పదు. విదేశంలో స్థిరపడినవాడివైతే నీ మామూలు ఖాతాని ఎన్‌ఆర్‌వో ఖాతాగా మార్చాలి. దాని వడ్డీ మీద 30 శాతం, ఆపైన సెస్సు కోసుకుంటారు. పన్ను కోయొద్దని మనం ఏటా బ్యాంకుకి ఇచ్చే ఫారం అప్పుడు చెల్లదు. డిపాజిట్ల మీద పెద్దవాళ్లకిచ్చే అదనపు అర శాతం వడ్డీ కూడా మామూలుగా ఇక్కడ ఉంటున్నవాళ్లకే. పోస్టాఫీసులో 30 లక్షల దాకా పెట్టుకునే సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో ఎన్‌ఆర్‌ఐ కొత్తగా చేరలేడు.

కాబట్టి నా మాట విని ఇలా చెయ్యి. రథసప్తమికి అరసవల్లి దర్శనం చేసుకుని, మార్చి మొదటి వారంలో బయల్దేరు. ఆగస్టు ఆఖరుకి తిరిగొచ్చెయ్యి. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా 153 రోజులు అక్కడ గడిచినా, మిగిలిన 212 రోజులు ఇక్కడే ఉంటావు. సందర్శకులకు మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. విమానాశ్రయంలో ఏ తేదీ దాకా ఇచ్చారో చూసుకుని దాన్ని దాటొద్దు. అక్కడి చలి తప్పుతుంది, మన పైడితల్లమ్మ సిరిమాను నాటికి అందరం ఇక్కడే ఉంటాం.

మార్చి అని ఊరికే అనలేదు. నువ్వు రాష్ట్ర ప్రభుత్వ పెన్షనర్‌వి, నీ లైఫ్ సర్టిఫికెట్ జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఇవ్వాలి. రైల్వే పెన్షనర్లం మేము నవంబరులో ఇస్తాం. మొదటిసారి నేను నవంబరులో అమ్మాయి దగ్గరే ఉండిపోయాను. ఫోన్లో జీవన్ ప్రమాణ్ యాప్‌తో ముఖం చూపిస్తే చాలని చెప్పారు, నిజంగానే పనిచేస్తుంది. వంటింటి కిటికీ దగ్గర వెలుతురులో నిలబడ్డాను, మా అమ్మాయి ఫోను పట్టుకుంది, రెప్ప ఆర్పమంటే ఆర్పాను. కానీ దానికన్నా ముందే ఓటీపీ అడిగింది. ఆ నంబరు సిమ్ము విజయనగరంలో, మా ఇంటి బీరువాలో, పాత ఫోనులో ఉంది! తాళాలు పట్టుకుని మా చిన్నోడు బయటి ఊళ్లో ఉన్నాడు. అది తేలేసరికి గడువు దాటి పెన్షన్ ఆగింది. తరువాత బకాయితో సహా వచ్చింది గానీ, ఆ రోజుల్లో మీ వదిన పడ్డ టెన్షన్ నేను మర్చిపోలేను. నువ్వు సర్టిఫికెట్ ఇక్కడే ఇచ్చి వెళ్లు. ఆధార్‌కి, బ్యాంకుకి కలిపిన సిమ్ము వెంట తీసుకెళ్లు, రోమింగ్ వేయించుకుని దాన్ని బతికించుకో.

వైద్యం గురించి భయపెట్టాలని కాదు, కానీ చెప్పి తీరాలి. ప్రభుత్వ ఉద్యోగులకు, పెన్షనర్లకు ఇచ్చే నీ ఈహెచ్‌ఎస్ ఆరోగ్య కార్డు, నా రైల్వే కార్డు, 70 దాటినవాళ్లకు కేంద్రం ఇచ్చే 5 లక్షల ఆయుష్మాన్ కార్డు, ఏదీ అక్కడ చెల్లదు. మెడికేర్ అనే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా 65 దాటిన ప్రతివాళ్లకీ వచ్చేది కాదు. మన పిల్లలు దగ్గరికి పిలిపించుకున్న తల్లిదండ్రులైతే గ్రీన్‌కార్డుతో వరసగా ఐదేళ్లు అక్కడ ఉన్నాక ప్రీమియం కట్టి కొనుక్కోవచ్చు. ఆసుపత్రి భాగం ఉచితంగా రావాలంటే నువ్వో మరదలో అక్కడ పదేళ్ల పని చేసి ఉండాలి, అబ్బాయి చేసిన ఉద్యోగం మీ లెక్కలోకి రాదు. కాబట్టి విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకోవడం మానొద్దు. చవకైనది చూసి మురిసిపోకు. ఒక్కో చికిత్సకు ఇంతే అని పరిమితి పెట్టే పాలసీలు ఆసుపత్రి బిల్లులో ఏ మూలకూ రావు. నీకు షుగరు, మరదలికి బీపీ ముందునుంచే ఉన్నాయి. వాటి మామూలు వైద్యానికి ఈ పాలసీలు డబ్బివ్వవు, హఠాత్తుగా ముంచుకొచ్చినదానికి ఎంతవరకు ఇస్తాయో ఆ పేరా అబ్బాయితో చదివించుకో. మందులు స్ట్రిప్పులతోనే తీసుకెళ్లు, డబ్బాల్లో పోసుకోవద్దు. డాక్టరు చీటీలో మందు అసలు పేరు రాయించు, కంపెనీ పేరు ఒక్కటే ఉంటే అక్కడ ఎవరికీ తెలియదు.

అక్కడ ఎవరో ఒకరు, "ఫలానా ఆఫీసులో అప్లై చేస్తే ప్రభుత్వమే చూసుకుంటుంది" అని చెబుతారు. బస్సులో సగం ఛార్జీ వేరు, పేదలకిచ్చే ప్రభుత్వ సాయం వేరు. రెండోదాని జోలికి వెళ్లకు. రేపు అబ్బాయి మీకు గ్రీన్‌కార్డు పెడితే, మిమ్మల్ని తానే పోషిస్తానని పూచీకత్తు మీద సంతకం చెయ్యాలి. ఆ కాగితానికి చట్టబలం ఉంది. మీ తొందరపాటు వాడి మెడకు చుట్టుకోకూడదు.

ఫిబ్రవరి ఆఖరి వారంలో నేను శ్రీకాకుళం వస్తాను. పాస్‌బుక్కులు, డిపాజిట్ బాండ్లు, పెన్షన్ పేమెంట్ ఆర్డర్ తీసి ఉంచు. ప్రతిదానికీ నామినీగా మరదలి పేరు ఉందో లేదో ఇద్దరం కూర్చుని చూద్దాం. లేనివాటికి ఆ రోజే బ్యాంకుకి వెళ్దాం.

మీ అన్నయ్య