కూపర్ 500లో ఇంజిన్ వెనక ఎందుకు? బుల్లెట్ ఇంజిన్‌తో అలాంటి కారు కట్టొచ్చా?

కూపర్ 500 అనే చిన్న బ్రిటిష్ రేసు కారు గురించి మీరు మూడు అడిగారు: ఇంజిన్ వెనక ఎందుకుంది, డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) ఎందుకు లేదు, బుల్లెట్ 500 ఇంజిన్ పెడితే నడుస్తుందా అని. మొదటి రెండింటికీ జవాబు ఒకటే: చైను.

1946లో ఇంగ్లండులోని సర్బిటన్‌లో చార్లెస్ కూపర్, కొడుకు జాన్ మొదటి కారు కట్టారు. పాత ఫియట్ టోపోలినో అనే చిన్న కార్ల ముందు భాగాలు రెండు తీసుకుని వీపుకి వీపు ఆనించి అతికించారు. అందుకే ముందూ వెనకా సస్పెన్షన్ ఒకటే: పైన అడ్డంగా కమాను కట్ట, కింద విష్‌బోన్ (చక్రాన్ని పట్టుకునే V ఆకారపు చెయ్యి). ఇంజిన్ జేఏపీ అనే బ్రిటిష్ కంపెనీ 500 సీసీ సింగిల్ సిలిండర్, అంటే మోటార్‌సైకిల్‌ది. దాన్ని ముందు పెడితే డ్రైవర్ పక్కనుంచి వెనక చక్రాల దాకా శక్తి లాక్కెళ్ళాలి. వెనక పెడితే రెండు పొట్టి చైన్లతో పని అయిపోతుంది: ఇంజిన్ నుంచి గేర్‌బాక్స్‌కి ఒకటి, అక్కడ్నుంచి వెనక షాఫ్ట్‌కి ఒకటి. ఇందులో ముందుచూపు వెతక్కండి. ఆ ఏర్పాటే పెద్ద కార్లలోకి ఎక్కి 1959లో జాక్ బ్రాభమ్‌ని ఫార్ములా వన్ ఛాంపియన్ని చేయడం తర్వాతి సంగతి.

1950లో అంతర్జాతీయ ఫార్ములా 3గా గుర్తింపు వచ్చినప్పుడు నిబంధన 500 సీసీ, కనీస బరువు 200 కిలోలు. అంత తేలిక కారుకి డిఫరెన్షియల్ బరువు దండగ. వెనక స్ప్రాకెట్ (చైను తిప్పే పళ్ళ చక్రం) ఒక గట్టి షాఫ్ట్ మీద ఉంటుంది, రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో లోపలి చక్రం తేలికైనా వట్టిగా తిరగదు, అది లాభం. నెమ్మది మలుపులో మాత్రం కారు తిన్నగా పోదామని మొండికేస్తుంది. అక్కడ స్టీరింగ్‌తో పోట్లాడితే ముందు టైర్లు అరగడం తప్ప ఒరిగేదేం లేదు. బ్రేకుతో బరువు ముందుకి తెచ్చి తోక కదిలించాలి.

గేరింగ్ లెక్క పళ్ళతోనే. ఉదాహరణకి ఇంజిన్ స్ప్రాకెట్ 20, క్లచ్ 42, గేర్‌బాక్స్ 19, వెనక 38 అనుకోండి. 2.1 ఇంటూ 2, టాప్ గేర్లో 4.2. టైరు చుట్టుకొలత 1.98 మీటర్లైతే 6000 ఆర్‌పీఎం దగ్గర గంటకి దాదాపు 170 కి.మీ. ఇంజిన్ స్ప్రాకెట్‌లో ఒక పన్ను తగ్గిస్తే 161. వెనక ఒకటి పెంచితే 165. కాబట్టి ముతక మార్పు ఇంజిన్ దగ్గర, సన్న మార్పు వెనక.

చైను తెగితే అందరూ చైన్నే తిడతారు. ముందు చూడాల్సింది వెనక షాఫ్ట్ బేరింగ్ పట్టుకున్న బ్రాకెట్. లోడు పడ్డప్పుడు చైను ఆ షాఫ్ట్‌ని ఇంజిన్ వైపు లాగుతుంది, బ్రాకెట్ కొంచెం వంగినా స్ప్రాకెట్ల వరస తప్పుతుంది. ఇంజిన్ ప్లేటుకీ బేరింగ్ హౌసింగ్‌కీ మధ్య ఊత కడ్డీ వెయ్యండి. స్ప్రాకెట్ల మీద స్టీలు స్కేలు ఆనిస్తే నాలుగు చోట్లా తాకాలి. బైకులో స్వింగార్మ్ కదిలితే చైను బిగువు మారుతుంది; ఇక్కడ స్ప్రాకెట్ ఛాసీకే ఉంది గనక మారదు, అంత వదులు అక్కర్లేదు. షాఫ్ట్‌ని తిప్పుతూ బాగా బిగుతుగా ఉన్న చోట వదులు చూసి సెట్ చెయ్యండి. మీ వీపుకీ చైనుకీ మధ్య స్టీలు రేకు తప్పనిసరి.

సింగిల్ సిలిండర్ వణుకుడు ఇంకో శత్రువు. ట్యాంకు అతుకులు పగులుతాయి, కార్బురేటర్ ఫ్లోట్ బౌల్లో (ఇంధనం నిలిచే గిన్నె) ఇంధనం నురగెత్తి మిక్స్చర్ చెడుతుంది. ట్యాంకునీ, ఫ్లోట్ ఛాంబర్‌నీ రబ్బరు మీద విడిగా కట్టండి.

అసలు కార్లు మెథనాల్‌తో పరిగెత్తాయి. బరువులో ఒక పాలు పెట్రోలుకి గాలి 14.7 పాళ్ళు కావాలి, మెథనాల్‌కి 6.4 చాలు, అంటే ఇంధనం రెట్టింపు దాటి పోతుంది. ఆవిరవుతూ సిలిండర్ హెడ్‌ని చల్లబరుస్తుంది గనకే ఆ ఇంజిన్లలో ఎక్కువ కంప్రెషన్ (సిలిండర్లో మిశ్రమాన్ని నొక్కే నిష్పత్తి) నిలిచింది. పెట్రోలుకి మారిస్తే జెట్లు చిన్నవి చెయ్యడం ఒక్కటే చాలదు, కంప్రెషన్ కూడా తగ్గించాలి. డ్రైవర్ వీపు చాటున సిలిండర్‌కి గాలి అందదు, బాడీకి గాలి మూతులు పెట్టాలి. మెథనాల్ మంట పగటి వెలుగులో కనపడదు, విషం కూడా. కొత్తవాళ్ళు పెట్రోలే వాడండి. ఆయిల్ అప్పట్లో మన ఆముదమే (రేసు కోసం శుద్ధి చేసింది, కొట్లో దొరికేది కాదు). దాన్ని మినరల్ ఆయిల్‌తో కలపకూడదు. మార్చాలంటే ట్యాంకూ పైపులూ పూర్తిగా కడగాలి.

ఇక బుల్లెట్. గేర్‌బాక్స్ క్రాంక్‌కేసుకే బోల్టులతో ఉండే పాత 500 తీసుకోండి, ప్రైమరీ చైను (ఇంజిన్ నుంచి క్లచ్‌కి వెళ్ళేది) గొడవ తగ్గుతుంది. పవర్ జేఏపీలో సగం. దాని బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌ని పట్టుకునే చోటి బేరింగ్) రోలర్లు లేని ఫ్లోటింగ్ బుష్, 6000 ఆర్‌పీఎం ఓర్చుకోదు. 5000 దగ్గర ఆపి, పైన చెప్పిన లెక్కలో దానికి తగ్గట్టు పళ్ళు ఎంచుకోండి. చక్రాలు మాత్రం అసలు కారులా డ్రమ్ముతో కలిపి పోత పోయించకండి. పోతలో లోపముంటే చక్రమూ బ్రేకూ ఒకేసారి పోతాయి. స్టీలు చక్రం, విడి డ్రమ్ము చాలు.