ఖుబ్బూస్ నుంచే మొదలుపెట్టండి

ప్రశ్న: కువైట్‌లో వంటమనిషిగా చేస్తున్నాను. రోజూ పది అరబిక్ మాటలు రాసుకుంటున్నా వారం తిరిగేసరికి ఒక్కటీ గుర్తుండటం లేదు. దారి చెప్పండి.
– ఒక పాఠకురాలు, కడప జిల్లా

జవాబు: విడిగా బట్టీ పడితే ఎవరికైనా అంతేనమ్మా. అరబిక్ మాటల్లో చాలావాటికి మూడు హల్లులే వేరు, అంటే మూలం; వాటి చుట్టూ అచ్చులు మారుతుంటాయి, ముందో వెనకో ఒక అక్షరం చేరుతుంది. మీరు రోజూ తినే ఖుబ్బూస్ రొట్టెనే చూడండి, వేరు ఖ-బ-జ. కాల్చేవాడు ఖబ్బాజ్, కాల్చే చోటు మఖ్బజ్. ఇప్పుడు అదే మూసలో త-బ-ఖ పోయండి: వండేవాడు తబ్బాఖ్, వంటిల్లు మత్బఖ్. క-త-బ అంటే రాయడం, కాబట్టి ఆఫీసు మక్తబ్. ముందు 'మ' తగిలితే చోటు అయ్యుండొచ్చు అని ఊహించండి, కానీ అన్నిసార్లూ కాదు, మక్తూబ్ అంటే రాసినది.

అసలు మన రెవెన్యూ తెలుగులోనే ఈ కథ ఉంది. అరబిక్ నుంచి వచ్చిన హాజరు, మహజరు (అర్జీ) ఒకే వేరువి. తహశీలు, మహసూలు (పన్ను రాబడి) కూడా అంతే. వసూలు మాత్రం వాటి చుట్టం కాదు, దాని వేరు వ-స-ల. మన లిపిలో రెండు రకాల 'స', రెండు రకాల 'త' ఒకటైపోతాయి కనుక, అక్షరాలు అరబిక్ లిపిలోనే నేర్చుకోండి, లేకపోతే బోల్తా పడతాం.

బహువచనాలకు మాత్రం షార్ట్‌కట్ తక్కువ. కితాబ్ (పుస్తకం)కి కుతుబ్, మక్తబ్‌కి మకాతిబ్. ఏకవచనం పక్కనే రాసేసుకోండి.