1971లో నేవీలో పనిచేసిన తాతగారి వివరాలా? ముందు మెడల్ అంచు చూడండి

మీ తాతగారు 1971 యుద్ధంలో నేవీలో ఉన్నారని ఇంట్లో అంటారు గానీ ఏ షిప్పులో ఉన్నారో, ఏం చేశారో ఎవరికీ తెలీదు, ఎలా కనుక్కోవాలి అని అడిగారు కదా. మూడేళ్లుగా నేను పడుతున్న తిప్పలూ అవే కాబట్టి చెప్తున్నా. ముందు గూగుల్ మూసేసి ఇంట్లో అటక మీదున్న ట్రంకు పెట్టె దించండి. మెడల్ ఏదైనా దొరికితే రిబ్బన్ రంగులు చూసి మురిసిపోకుండా లోహం చూడండి. 1971 యుద్ధానికి ఇచ్చిన సంగ్రామ్ మెడల్ గుండ్రంగా ఉంటుంది, దాని అంచు మీద సర్వీస్ నంబరు, ర్యాంకు, పేరు సన్నగా చెక్కి ఉంటాయి. నక్షత్రం ఆకారంలో ఉన్నదైతే అది ఏ స్టారో చూడండి, అదీ ఆ యుద్ధానిదే. పూర్వీ స్టార్ అయితే ఆయన పనిచేసింది బంగాళాఖాతం వైపు, పశ్చిమీ స్టార్ అయితే కరాచీ వైపు. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

మా చినతాత సంగతి చెప్తా. మా ఇళ్లలో ఏ పెళ్లి జరిగినా భోజనాల దగ్గర ఎవరో ఒకరు "ఘాజీని ముంచింది మా వాడే" అని మొదలెట్టేవారు. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ వచ్చి 1971 డిసెంబర్ 3 రాత్రి తెల్లారితే 4 అనగా విశాఖ హార్బర్ బయట మునిగిపోయిందని వైజాగ్‌లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆ పేలుడుకి ఊళ్లో కిటికీ అద్దాలు అదిరాయని మా చినమామ్మ ఇప్పటికీ అంటుంది. మన లెక్క ప్రకారం మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ ఛార్జీలకి, అంటే నీళ్లలోపల పేలే బాంబులకి మునిగింది, వాళ్ల లెక్క ప్రకారం లోపల్లోపలే ఏదో పేలింది, ఆ తగువు ఇప్పటికీ తెగలేదు. మా ఇంట్లో మాత్రం అసలు తగువే లేదు, మా చినతాత మీట నొక్కాడు, అది మునిగింది, అంతే. నేను ఇంజనీరింగ్‌లో ఉండగా ఇదే కథ కాలేజీ మ్యాగజైన్‌కి రాసి ఫస్ట్ ప్రైజ్ కూడా కొట్టేశాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చినతాత పోయాక పెట్టెలో రెండు మెడల్స్ దొరికాయి. అంచు మీద నంబరు, తర్వాత మూడు అక్షరాలు, ఎల్ ఎస్ ఏ, తర్వాత పేరు. ఆ ఎల్ ఎస్ ఏ అంటే ఏదో పెద్ద హోదా అయ్యుంటుందని మా బాబాయ్ ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాడు, యాభై దండాల బొమ్మలు వచ్చాయి. నాకెందుకో అనుమానం వచ్చి మల్కాపురంలో ఒక రిటైర్డ్ పెట్టీ ఆఫీసర్ గారు ఉన్నారంటే ఆదివారం మధ్యాహ్నం వెతుక్కుంటూ వెళ్లా. కరెంటు లేదు, ఆయన బనీనుతో అరుగు మీద కూర్చుని విసురుకుంటున్నారు. మెడల్ చేతిలో పెడితే కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని, వెలుతురుకి పట్టి చూసి నవ్వారు. "లీడింగ్ స్టోర్స్ అసిస్టెంట్ బాబూ. మీ తాత సరుకుల మనిషి" అన్నారు. నా మొహం ఎలా అయిందో ఏమో, లోపలికి కేకేసి మజ్జిగ తెప్పించారు.

మజ్జిగ తాగాక ఆయన చెప్పింది వింటే నా బుర్ర తిరిగింది. విక్రాంత్‌కి అప్పటికే ఒక బాయిలర్ పగిలింది, పూర్తి స్పీడు పోలేదు, సబ్‌మెరైన్ కంట పడితే కష్టం. అందుకని దాన్ని అండమాన్ వైపు పంపేసి దాచారు. కానీ అది వైజాగ్ దగ్గరే ఉందని శత్రువు అనుకోవాలి. అప్పుడు ఈస్టర్న్ నేవల్ కమాండ్ చీఫ్ వైస్ అడ్మిరల్ కృష్ణన్. ఆయన ఏం చేశారంటే రాజ్‌పుత్‌ని బయటికి పంపి విక్రాంత్‌లా వైర్‌లెస్ మెసేజ్‌లు పంపించారు. పెద్ద షిప్పు వచ్చేస్తోందన్నట్టు కాంట్రాక్టర్లకి మాంసం, కూరగాయలు గుట్టలు గుట్టలుగా ఆర్డర్లు పెట్టించారు, బజార్లో ఆ నోటా ఈ నోటా పాకాలని. విక్రాంత్‌లో ఉన్న సెయిలర్ ఎవరో మంచం పట్టిన తల్లి ఎలా ఉందని అడుగుతున్నట్టు టెలిగ్రామ్ కూడా కొట్టించారట. ఇదంతా తర్వాత కృష్ణన్ గారే రాశారు, నా కల్పన కాదు.

ఇప్పుడు చెప్పండి, ఆ ఆర్డర్ల చీటీలు ఎవరు రాసుంటారు? అడ్మిరల్ కూర్చుని ఉల్లిపాయలు ఇన్ని, మేకలు ఇన్ని అని రాయరు కదా. స్టోర్స్ వాళ్లే రాయాలి. మా చినతాత ఆ నెలలో వైజాగ్ బేస్‌లోనే ఉన్నాడని చినమామ్మ ఘంటాపథంగా చెప్తుంది. అంటే ఘాజీని మా వాళ్ల బజారు చీటీయే లాక్కొచ్చింది! ఆధారం ఉందా అంటే కాగితం మీద లేదు, పెట్టీ ఆఫీసర్ గారు కూడా "అయ్యుండొచ్చు" అని మాత్రమే అన్నారు. నాకైతే డౌటే లేదు. ఈ మాట చినమామ్మకి చెప్తే "ఊరంతటికీ సరుకులు రాసినోడు ఇంటికి ఏనాడూ చింతపండు గుర్తు పెట్టుకుని తేలేదు" అంది.

నా కోపం ఏంటంటే, మనకి మిసైల్ వేసినోడి పేరే కావాలి. డిసెంబర్ 4న నేవీ డే అని అందరం స్టేటస్‌లు పెడతాం, కరాచీ మీద దాడి చేసిన నిపాత్, నిర్ఘాత్, వీర్ పేర్లు కుర్రాళ్లు గడగడా చెప్తారు. ఆ మిసైల్ బోట్లు అంత దూరం సొంత ఆయిల్ మీద వెళ్లి రాలేవు, వెంట ఐఎన్ఎస్ పోషక్ అని ఒక ట్యాంకర్ వెళ్లింది, ఆ పేరు ఎంతమందికి తెలుసు? పేరే పోషక్! వైజాగ్ బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం ముందు సెల్ఫీ దిగేవాళ్లని పోషక్ గురించి అడిగి చూడండి, పోషకాహారం అనుకుంటారు. అందుకే మీ తాతగారిది స్టోర్స్, కుక్, స్టోకర్ (బాయిలర్ల దగ్గర పనిచేసేవాడు), రైటర్ (గుమస్తా) ఇలాంటి పని అని తేలితే నిరుత్సాహపడి వెతకడం ఆపకండి, కథలు ఉన్నది అక్కడే.

పేరు సంగతి జాగ్రత్త. మనకి ఇంటిపేరు ముందు, నేవీ కాగితాల్లో చివరి పేరే పేరు. మా చినతాత అక్కడ ఉత్త "రావ్" అయిపోయాడు, ఇంటిపేరు ఒక్క అక్షరంగా మిగిలింది. ఎంతమంది రావ్‌లు ఉంటారో ఊహించుకోండి. కాబట్టి పేరుతో వెతక్కండి, సర్వీస్ నంబరుతోనే అడగండి. అది మెడల్ మీద, డిశ్చార్జి కాగితాల్లో, పెన్షన్ తీసుకుని ఉంటే పీపీఓలో (పెన్షన్ పేమెంట్ ఆర్డర్) దొరుకుతుంది. సెయిలర్ల రికార్డులు చూసేది ముంబై మాన్‌ఖుర్ద్‌లో ఉన్న బ్యూరో ఆఫ్ సెయిలర్స్. అక్కడికి రాసే ముందు మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్తే ఉత్తరం ఎలా రాయాలో చెప్తారు. నేను మధ్యలో వేరే ఒక ఆఫీసుకి కూడా వెళ్లా, పేరెందుకులెండి, మనిషి పోయి పద్నాలుగేళ్లయితే "ఆయన్నే వచ్చి సంతకం పెట్టమనండి" అన్నాడు గుమస్తా. జోక్ కాదు, సీరియస్‌గానే అన్నాడు, తల కూడా ఎత్తలేదు.

ఇంకోటి, షిప్పు పేరు తెలిస్తే వైస్ అడ్మిరల్ హీరానందానీ రాసిన నేవీ చరిత్రలో 1965 నుంచి 1975 దాకా ఉన్న భాగం చదవండి, ఆ షిప్పు యుద్ధంలో ఏం చేసిందో అందులో దొరకొచ్చు. మనిషి పేరు దొరకదు, ఆశ పెట్టుకోకండి.

ఉత్తరంతో పాటు అన్నీ జిరాక్సులే పెట్టండి. మా బాబాయ్ తొందరపడి ఒరిజినల్ డిశ్చార్జి పుస్తకం పోస్టులో పంపేశాడు, అది ఎక్కడికి చేరిందో ఎనిమిది నెలలుగా వెతుకుతున్నాం.